కారులో పసిబిడ్డ: వెనుకమొగ మెంతకాలము?

బిడ్డ బోర్లపడిననాడు బొబ్బట్లు, అడుగు వేసిననాడు అరిసెలు, గడప దాటిననాడు గారెలు చేసి యిరుగుపొరుగువారికి పంచుట మన తెలుగిండ్ల యాచారము. బిడ్డ యెదుగుదలలో ప్రతి మెట్టును పండువుగా నెంచు తల్లుల మనస్సే యీ యాచారమునకు మూలము. కార్లు వాడుకలోనికి వచ్చిన కుటుంబములలో నిప్పుడు మరియొక మెట్టు క్రొత్తగా చేరినది. పుట్టినది మొదలు కారు వెనుకభాగము వంకకు మొగము పెట్టి కూర్చుండబెట్టిన శిశువును ఒకనాడు పెద్దలవలె ముందు త్రోవ చూచునట్లు త్రిప్పుటయే యా మెట్టు. పెక్కుమంది తల్లులు దీనిని తొలి పుట్టినరోజు వేడుకతోపాటు జరిపించుచున్నారు. సోదరీమణులారా! తక్కిన మెట్లు త్వరగా వచ్చిన సంతోషమే. ఈ మెట్టు మాత్రము ఎంత యాలస్యముగా వచ్చిన నంత క్షేమము. అట్లేల యనియు, ఎంతకాల మాగవలెననియు, త్రిప్పుటకు గుర్తులేవనియు ఈ వ్యాసమున విన్నవింపదలచితిమి.

ఒడి సీటు కాదు

దిక్కును గూర్చి మాటలాడుటకు ముందు సీటును గూర్చియే యొక మాట చెప్పవలసియున్నది. మన దేశమున పెక్కిండ్ల శిశువునకు కారులో ప్రత్యేకమైన సీటు లేదు. తల్లి ముందు సీటున కూర్చుండి బిడ్డ నొడిలో నుంచుకొనుటయే వాడుక. తల్లియొడికంటె చల్లని చోటు లేదని మనమందరము వినుచు పెరిగితిమి. ఇంటిలో నది సత్యమే. పరుగెత్తుచున్న కారులో మాత్రము సత్యము కాదు.

మా యింటివారు పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించువారు. వారిచేత నొకనాడు లెక్క వేయించి చూచితిమి. కారు గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవుచు, దేనినో ఢీకొని, సెకనులో పదవవంతు కాలమున నిలిచిపోయినదనుకొందము. కారు నిలిచినది; కాని యందులోనివారి దేహములు వెంటనే నిలువవు. అవి మునుపటి వేగముతోనే ముందునకు పోజూచును. 10 కిలోల బిడ్డను ఆ పదవవంతు సెకనులో నిలిపి పట్టవలెనన్న సుమారు 140 కిలోల బరువు నెత్తునంత బలము కావలెను. 25 కిలోల బియ్యపు మూటలు అయిదింటిని మించిన బరువు రెప్పపాటులో చేతులమీద పడినట్లన్నమాట. ఏ తల్లి చేతుల కా శక్తి కలదు? ప్రేమ కొదువై బిడ్డ జారిపోదు. బలము చాలక జారిపోవును. తల్లియు బిడ్డయు కలిసి యొకే బెల్టు చుట్టుకొందమన్నచో మరింత యపాయము. అప్పుడు బెల్టునకును తల్లి దేహభారమునకును నడుమ బిడ్డయే నలిగిపోవును.

కావున పురిటినుండి యింటికి వచ్చు తొలి ప్రయాణము మొదలు బిడ్డకు తనదైన సీటు, ఆ సీటునందు తన కొలతకు తగిన పట్టీలు ఉండవలెను. ఇది మొదటి మాట. ఆ సీటు ఏ దిక్కునకు తిరిగియుండవలెననునది రెండవ మాట.

వెనుకమొగ మెట్లు పుట్టినది?

శిశువును వెనుకకు త్రిప్పి కూర్చుండబెట్టుట స్వీడను దేశమున పుట్టిన పద్ధతి. ఆ దేశపు ఆచార్యుడు బెర్టిల్ ఆల్డ్‌మన్ 1960ల తొలినాళ్ళలో దీనిని గూర్చి యాలోచించెను. అమెరికావారి జెమినీ వ్యోమనౌకలలో యాత్రికులు వెల్లకిల కూర్చుండి, ఆ మహావేగపు త్రోపును వీపునంతటితోను భరించు విధము ఆయనకు స్ఫూర్తి నిచ్చినదందురు. దృఢకాయులైన వ్యోమయాత్రికులకే వీపు నాన్చుకొనుట యవసరమైనపుడు, మెత్తని మెడగల పసిబిడ్డ కెంత యవసరము! 1964లో తొలి నమూనా పరీక్షింపబడెను. 1972 నాటికి వోల్వో సంస్థ యట్టి సీటును అమ్మకమునకు తెచ్చెను. నాటినుండి స్వీడనులో బిడ్డలను నాలుగేండ్లవరకును వెనుకమొగముగానే కూర్చుండబెట్టుట వాడుకయైనది.

దీని మర్మము చాల సులభము. ప్రాణాంతకములైన ప్రమాదములలో ఎదురు దెబ్బలు ప్రధానమైనవి. ఎదురు దెబ్బ తగిలినపుడు కారులోనివన్నియు ముందునకు విసరబడును. బిడ్డ ముందుమొగముగా నున్నచో పట్టీలు భుజములను, నడుమును పట్టి యాపును. తల నాపున దేదియు లేదు. అది ముందునకు విసురుగా పోవును; దానిని మెడయొక్కటే వెనుకకు లాగి పట్టవలసియుండును. బిడ్డ వెనుకమొగముగా నున్నచో అదే విసురునకు తల, మెడ, వీపు మూడును ఒక్కమారుగా సీటు వీపుభాగమునకు ఆనుకొనును. దెబ్బ యొకచోట గాక వీపంతటను పరచుకొనును. చాపమీద పడిన వాన విస్తరించినట్లు బలము విస్తరించును. మెడకు సాగుడు తగ్గును.

మెడ నిలుచుట వేరు, మెడ ముదురుట వేరు

ఇక్కడనే మనలో పెక్కుమంది పొరబడు విషయ మొకటి కలదు. నాలుగవ నెల ప్రాంతమున బిడ్డకు “మెడ నిలిచినది” అని సంతోషింతుము. ఆరవ నెలలో అన్నప్రాశననాటికి కూర్చుండును. ఏడాదికి నడచును. అట్లు గట్టిగా నడచు బిడ్డను చూచి, వీని మెడ కేమి భయమని తలంతుము. కాని మెడ నిలుచుట కండరముల పని. మెడ ముదురుట యెముకల పని. ఈ రెంటికిని నడుమ నేండ్ల దూరమున్నది.

పుట్టిన శిశువు దేహములో తల పొడవు నాలుగవవంతుండును. పెద్దవారిలో నది యేడెనిమిదవ వంతుకు మించదు. అనగా సన్నని తొడిమ మీద పెద్ద పండువలె పసిబిడ్డ మెడమీద తల యున్నది. ఆ మెడలోని వెన్నుపూసలు పుట్టుకనాటికి పూర్తిగా నెముకలు కావు. ఒక్కొక్క పూసయు మూడు ఖండములుగా నుండి, నడుమ మృదులాస్థిచేత కూర్పబడియుండును. వెనుకవైపు ఖండములు రెండును సుమారు మూడవ యేట కలియును. అవి ముందరి ఖండముతో నతుకుకొనుట మూడవ యేటికిని ఆరవ యేటికిని నడుమ జరుగును. ఈ పూసల నడుమనుండియే వెన్నుపాము పోవుచున్నది. మృదులాస్థి సాగును, వెన్నుపా మంతగా సాగలేదు. దాని కొకమారు గాయమైనచో మరల నతుకుట మన చేతిలో లేదు.

ముందు చెప్పిన లెక్కనే తలకు వర్తింపజేసి చూడుడు. ఏడాది బిడ్డ తల సుమారు రెండున్నర కిలోలుండును. అదే వేగమున నదే విధముగా కారు నిలిచినపుడు ఆ తల సుమారు 35 కిలోల బరువై మెడను లాగును. నిజమైన ప్రమాదములలో దెబ్బ యొక క్షణమున నింతకంటె నెక్కువగా నుండును. ఇంకను కలియని పూసలు గల మెడ దానిని మోయవలెనా, లేక సీటు వీపుభాగము మోయవలెనా? వెనుకమొగము, ముందుమొగము అను చర్చ యంతయు ఈ యొక్క ప్రశ్నలో నిమిడియున్నది.

భారతకథలో కర్ణునకు సహజకవచ ముండెను. దానిని యుద్ధమునకు ముందే యిచ్చివేసెను. అది దానధర్మమునకు కీర్తి గావచ్చును గాని యుద్ధమునకు మేలు కాలేదు. మన బిడ్డలకు సహజకవచము లేదు. సీటు వీపుభాగమే వారి కవచము. పుట్టినరోజు వచ్చినదనియో, కాళ్ళు పొడవైనవనియో దానిని ముందుగనే తీసివేయుట యేల?

ఎప్పుడు త్రిప్పవలెను?

ఈ విషయమున పెద్దల యభిప్రాయములు కాలక్రమమున మారినవి. కాని మారినదెల్ల నొకే దిక్కునకు మారినది. అది యాలస్యము వంకకు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అను శిశువైద్యుల సంఘమువారు 2011లో రెండేండ్లు నిండువరకు, లేదా సీటు మీద వ్రాసిన వెనుకమొగపు హద్దు వచ్చువరకు త్రిప్పరాదని చెప్పిరి. 2018లో రెండేండ్లను గురుతును తీసివేసి, సీటు తయారుచేసినవారు నిర్ణయించిన బరువు హద్దుగాని, ఎత్తు హద్దుగాని వచ్చువరకు వీలైనంతకాలము వెనుకమొగముగానే యుంచవలెననిరి.

ఐరోపాలో 2013లో నమలునకు వచ్చిన ఐక్యరాజ్యసమితి 129వ నిబంధనము ప్రకారము 15 నెలలు నిండకమునుపు బిడ్డను ముందునకు త్రిప్పుట కూడదు. దానికి ముందున్న 44వ నిబంధనము 9 కిలోల బరువు వచ్చినంతనే త్రిప్పుట కనుమతించెడిది. ఐరోపా సంఘమున ఆ పాత నిబంధనపు సీట్ల యమ్మకము 2024 సెప్టెంబరుతో నిలిచిపోయినది. మన దేశపు ప్రమాణమగు ఎ.ఐ.ఎస్. 072 ఆ పాత నిబంధనపు మార్గముననే బరువు తరగతులను పెట్టినది. అందుచేతనే మన యంగళ్ళలోని సీట్లమీద “9 కిలోలనుండి ముందుమొగము” అను వ్రాత కనబడుచుండును. ఈ వ్రాత మన తల్లులను మిక్కిలి మోసపుచ్చుచున్నది. 9 కిలోలకు త్రిప్పవచ్చునని దాని యర్థము, త్రిప్పవలెనని కాదు. బిడ్డ కూర్చుండగానే బడికి పంపవచ్చునని యెవరైన నన్నచో పంపుదుమా?

ప్రపంచ ఆరోగ్యసంస్థవారి పట్టికలలో మధ్యస్థపు బరువు ఏడాదికి మగబిడ్డకు 9.6 కిలోలు, ఆడుబిడ్డకు 8.9 కిలోలు. రెండేండ్లకు 12.2, 11.5. మూడేండ్లకు 14.3, 13.9. నాలుగేండ్లకు 16.3, 16.1. ఈ యంకెలను సీటు హద్దులతో పోల్చి చూడుడు. తొట్టివలె చేత మోసికొనిపోదగిన చిన్న సీట్లకు 13 కిలోలు హద్దు. బరువును బట్టి చూచిన నవి రెండేండ్లకు పైగా వచ్చును గాని, ఎత్తు చాలక అంతకు చాల ముందే చిన్నవగును. అది చిన్నదైనంత మాత్రమున బిడ్డను ముందునకు త్రిప్పనక్కరలేదు. వెనుకమొగముగానే వాడదగిన పెద్ద సీటునకు మార్చవలెను. వెనుకమొగమున 18 కిలోలవరకు, లేక 105 సెంటిమీటర్ల యెత్తువరకు నిర్మించిన సీట్లును కలవు. అవి సామాన్యముగా మూడు, నాలుగేండ్లవరకు పనికివచ్చును. మన బిడ్డలు పెక్కుమంది యీ మధ్యస్థమునకు లోబడియే యుందురు గనుక వారి కింకను కొంతకాల మెక్కువ వచ్చును. కావున సీటు కొనునపుడు రంగును, మెత్తదనమును చూచుటకు ముందు “వెనుకమొగమున నెన్ని కిలోలు, ఎన్ని సెంటిమీటర్లు?” అని యడుగుడు. ధర కంటె నా యంకెయే ముఖ్యము.

సంగ్రహముగా చెప్పవలెనన్న: 15 నెలలకు లోపల నే కారణముచేతను త్రిప్పరాదు. రెండేండ్లవరకు వెనుకమొగమును కనీసముగా నెంచవలెను. పిమ్మట సీటు హద్దు వచ్చువరకు, వీలైన నాలుగేండ్లవరకు, అట్లే యుంచవలెను. తేదీ నిర్ణయించునది పంచాంగము గాదు. సీటు మీది యంకెయు, బిడ్డ కొలతయు.

హద్దు వచ్చినదను గుర్తులు మూడు. బిడ్డ బరువు సీటు మీద వ్రాసిన వెనుకమొగపు బరువును మించుట మొదటిది. ఎత్తు హద్దు వ్రాసియున్నచో దానిని దాటుట రెండవది. బిడ్డ తలపైభాగము సీటు వీపుభాగపు పైయంచునకు అంగుళము లోపలికి వచ్చుట మూడవది. వీనిలో నే యొకటి వచ్చినను ఆ సీటునకు వెనుకమొగము ముగిసినట్లే. తయారుచేసినవారి పుస్తకమున వేరుగా చెప్పియున్నచో దానినే పాటింపవలెను. కాళ్ళు వెనుక సీటునకు తగులుట మాత్రము గుర్తు కాదు.

అంకెలను గూర్చి యొక మాట

రెండేండ్లలోపు బిడ్డలకు వెనుకమొగము “అయిదు రెట్లు క్షేమము” అని చాలకాలము చెప్పుకొనిరి. 2007లో ప్రకటింపబడిన యొక పరిశోధన దాని కాధారము. తరువాత నా లెక్కలో దోషము కలదని తేలి 2018లో ఆ వ్యాసము నుపసంహరించిరి. మరల లెక్కించినవారు వెనుకమొగపు బిడ్డలకు గాయములు కొంత తక్కువగా కనబడినవనియు, అయితే సీటులో కట్టిన చిన్నబిడ్డలకు రెండు విధములందును గాయములు స్వల్పమే గనుక ఆ భేదమును అంకెలతో ఖండితముగా చెప్పజాలమనియు తెలిపిరి. ఈ మాటను దాచుట మాకిష్టము లేదు. వెనుకమొగమునకు బలమైన యాధారములు రెండున్నవి. ఒకటి మెడ నిర్మాణము, రెండవది పరీక్షలలో బొమ్మల మెడకు తగిలిన బలముల కొలత. ఇవి చెడలేదు. పై విషయ మింకొక నీతిని గూడ చెప్పుచున్నది. ఏ దిక్కునకైనను సరియే, సీటులో కట్టుటయే పెద్ద రక్ష. దిక్కు దానికి మీది రక్ష.

పెద్దవారి సందేహములు

మా యెరుకలో నొక పెద్దమ్మగారు కుమార్తె పురిటికై కాలిఫోర్నియా పోయి, మనుమని యేడాది పండుగవరకు నుండి వచ్చిరి. ఆమె చెప్పిన సంభాషణ నిట పొందుపరచుచున్నాము.

“ఏమే, పిల్లవాడికి ఏడాది నిండింది కదా! ఇంకా వెనక్కే తిప్పి కూర్చోబెట్టావేం? పాపం, కాళ్ళు ముడుచుకు కూర్చున్నాడు.”

“అమ్మా, నువ్వు పూజలో గంటసేపు మఠం వేసుకుని కూర్చుంటావు. నీకు లేని నొప్పి వాడికి వస్తుందా?”

“పోనీ, నీకు వాడి మొహం కనపడదే! ఏడిస్తే ఎలాగ?”

“అందుకేగా నిన్ను వాడి పక్కన కూర్చోబెట్టింది. నాకు రోడ్డు కనపడాలి. వాడికి నువ్వు కనపడాలి.”

ఈ సమాధానములు చక్కనివి. బిడ్డలు కాళ్ళు మడచి కూర్చుండుటకే యిష్టపడుదురు. వెనుకమొగపు బిడ్డలకు కాళ్ళ గాయములు అరుదు. ముందుమొగమున నున్నవారికే ముందు సీటు తగిలి కాళ్ళు దెబ్బతినుట యెక్కువ. ఒకవేళ కాలు విరిగినను కట్టు కట్టి బాగుచేయవచ్చును. మెడ విషయమట్లు కాదు. కాలిఫోర్నియా రాష్ట్రములో 2017 జనవరి 1 నుండి రెండేండ్లలోపు బిడ్డ వెనుకమొగముగానే యుండవలెనని చట్టము. 40 పౌనులు, అనగా 18 కిలోల బరువుగాని, 40 అంగుళముల యెత్తుగాని వచ్చినవారికి మాత్రము మినహాయింపు. పురిటికై విదేశములకు పోవు అమ్మమ్మలు, నాయనమ్మలు ఈ సంగతి నెరిగి పోయినచో కూతురితోను కోడలితోను వాదన తప్పును.

“మా కాలమున నివన్నియు నున్నవా? మేము పెరుగలేదా?” అనునది మరియొక ప్రశ్న. నిజమే. కాని నాటి ప్రయాణము ఒంటెద్దుబండి నడకన సాగెడిది. నేడు హైదరాబాదునుండి విజయవాడకు పోవు 65వ జాతీయరహదారి మీదను, శ్రీకాకుళమునుండి నెల్లూరువరకు మన తీరమువెంట సాగు 16వ జాతీయరహదారి మీదను కార్ల పరుగు గంటకు 80, 100 కిలోమీటర్లు. వేగము రెండింతలైనచో దెబ్బలోని శక్తి నాలుగింతలగును. త్రోవ మారినపుడు జాగ్రత్తయు మారవలెను గదా.

ఏడ్పును గూర్చిన బెంగయు సహజమే. పొడవైన ప్రయాణమున రెండు గంటల కొకమారు కారాపి, బిడ్డను సీటునుండి తీసి, పాలిచ్చి, కొంతసే పెత్తుకొనవలెను. ఎంత యేడ్చినను కదలుచున్న కారులో పట్టీలు విప్పి యొడిలోనికి తీసికొనరాదు. కారాపిన పిమ్మట నెంతసేపైన లాలింపవచ్చును.

కట్టు విధము

సీటు మంచిదైనను కట్టుట తప్పినచో ఫలము లేదు. ఈ సంగతులు తప్పక గమనింపుడు.

సీటును కారు వెనుకభాగముననే యుంచవలెను. ముందు సీటున ఎయిర్‌బ్యాగు పనిచేయుచుండగా వెనుకమొగపు సీటు నెన్నడు నుంచరాదు. ప్రమాదమున ఆ గాలిసంచి రెప్పపాటుకంటె త్వరగా విచ్చి, బిడ్డ తలవెనుక నున్న సీటు వీపుభాగమును బలముగా మోదును. అది ప్రాణాంతకము. మన దేశమున 2021లో ముందు ప్రయాణికుని ప్రక్కను గూడ ఎయిర్‌బ్యాగు తప్పనిసరి చేయబడినది గనుక క్రొత్త కార్లన్నిటి కీ హెచ్చరిక వర్తించును.

వెనుకమొగమున భుజముల పట్టీలు బిడ్డ భుజములకు సమముగా గాని, కొంచెము దిగువగా గాని బయలుదేరవలెను. ముందుమొగమున సమముగా గాని, కొంచెము పైగా గాని యుండవలెను. పట్టీ బిగించిన పిదప భుజముచెంత దానిని వ్రేళ్ళతో మడచి పట్టి చూడుడు. మడత చేతికి దొరకినచో నింకను వదులుగా నున్నదన్నమాట. బెల్టు పోవు చోట సీటును పట్టి యటునిటు కదపినపుడు అంగుళమునకు మించి కదలరాదు.

పసికందునకు సీటు వాలుగా నుండవలెను. నిట్టనిలువుగా నున్నచో గడ్డము రొమ్మునకు వ్రాలి యూపిరి కడ్డు కలుగును. ఎంత వాలు కావలెనో చూపు గీత సామాన్యముగా సీటు మీదనే యుండును. ప్రయాణము ముగిసినంతనే నిదురించు బిడ్డనైనను సీటునుండి తీసి చదునైన పక్కమీద పరుండబెట్టవలెను.

శీతల దేశములలో దళసరి కోటు తొడిగి పట్టీలు బిగింపరాదు. కోటు నణచి పట్టీ వదులగును. పలుచని బట్టలతో కట్టి పైని దుప్పటి కప్పవలెను. మన యెండలలో నిందుకు వేరైన జాగ్రత్త కావలెను. ఎండను నిలిచిన కారులో లోహపు బకిలు కాలియుండును. చేతితో తాకి చూచిన పిమ్మటనే బిడ్డకు పెట్టుడు. క్షణకాలమునకైనను బిడ్డ నొంటిగా కారులో విడువరాదు.

ఒకరు వాడిన సీటును తీసికొనునపుడు అది ప్రమాదమున చిక్కలేదని నిశ్చయముగా తెలిసియుండవలెను. ఎన్నడో కొని యటకమీద పెట్టిన సీటైనచో దానిమీద ముద్రించిన గడువును చూడవలెను.

మన చట్టము, మన బాడుగ కార్లు

మోటారు వాహనముల చట్టమునకు 2019లో జరిగిన సవరణ ప్రకారము 194బి సెక్షను వచ్చినది. 14 ఏండ్లు నిండని బిడ్డను బెల్టుచేత గాని, బిడ్డల సీటుచేత గాని భద్రపరుపక కారు నడుపువారికి 1000 రూపాయల జరిమానా. బిడ్డ మొగ మే దిక్కున నుండవలెనో ఆ సెక్షను చెప్పలేదు. ఆ నిర్ణయము తల్లిదండ్రుల వివేకమునకే విడువబడినది. 2023 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చిన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలలో పెద్దలకు వేరుగను, బిడ్డలకు వేరుగను నక్షత్రములిచ్చుచున్నారు. కారు కొనదలచిన గృహిణులు రెండవ వరుసను గూడ చదువుడు. సీటును నేరుగా కారు చట్రమునకు తగిలించు ఐసోఫిక్స్ కొక్కెములు వెనుక నున్నవో లేవో యడుగుడు.

సొంత కారు లేని మావంటి కుటుంబములకు బాడుగ కారే గతి. అట్టివారికి బెల్టుచేత కట్టదగిన సీటు మేలు. దానిని వెంట గొనిపోయి యే కారులోనైన నమర్చుకొనవచ్చును. అయితే బాడుగ కార్లలో వెనుక బెల్టుల బకిళ్ళు తరచుగా సీటు తొడుగు క్రింద దాగియుండును. ముందునాడే డ్రైవరుతో చెప్పి వానిని పైకి తీయింపవలెను. వెనుకమొగపు సీటును చుట్టివచ్చుటకు బెల్టు పొడవు చాలునో లేదో యొకమారు బిగించి చూడవలెను. తిరుపతికి బయలుదేరువేళ వీథిలో నిలిచి చేయు పని కాదిది.

త్రిప్పిన పిమ్మట

హద్దు వచ్చిననాడు త్రిప్పక తప్పదు. అప్పుడు త్రిప్పుటకు భయపడనక్కరలేదు. ముందుమొగమున గూడ అయిదు పట్టీల కట్టునే సీటు హద్దువరకు వాడవలెను. సీటు పైభాగమును కారునకు బంధించు పట్టీ యున్నచో దానిని మరువరాదు. తల ముందునకు పోవు దూరమును అది తగ్గించును. పిదప నెత్తుపీట, అనగా బూస్టరు. సుమారు 145 సెంటిమీటర్ల యెత్తు వచ్చి, బెల్టు మెడకు గాక భుజమునకును, పొట్టకు గాక తొడలపైభాగమునకును ఆనువరకు దానిని విడువరాదు. ఈ మెట్లలో ప్రతి పైమెట్టునను రక్ష కొంచెము తగ్గుచునే యుండును. కావున నే మెట్టునకును తొందర వలదు.

నేడు సీటు గల సోదరీమణులు దానిని త్రిప్పి, వెనుక నంటించిన కాగితము మీది యంకెను చదివి, బిడ్డను తూచి చూడుడు. రెంటికిని నడుమ నెంత మిగిలినదో అంతకాల మింకను వెనుకమొగమే. సీటు లేనివారు వచ్చు ప్రయాణమునకు లోపల నొకటి సంపాదించుకొనుడు. బిడ్డ కాళ్ళు ముడుచుకొన్నాడని నలుగురును నాలుగు మాట లనవచ్చును. చిరునవ్వుతో విని, పట్టీ మరియొకమారు సరిచూచి, కారు తలుపు వేయుడు.